ట్రే మీద సంతకం: ఒక పెద్ద ఆసుపత్రిలో నా ఉద్యోగ జ్ఞాపకాలు

పెద్ద ఆసుపత్రిలో రోగి ఎన్నడూ అడుగుపెట్టని విభాగాలు చాలానే ఉంటాయి. మెడికల్ రికార్డులు, లాండ్రీ, మందుల స్టోరు, యంత్రాలు బాగుచేసే బయోమెడికల్ విభాగం, ఆక్సిజన్ పైపులైన్లు చూసుకునే గది, వాటితో పాటు మా సీఎస్‌ఎస్‌డీ, అంటే సెంట్రల్ స్టెరైల్ సప్లై డిపార్ట్‌మెంట్. శస్త్రచికిత్సల్లో వాడిన పరికరాలను కడిగి, ఒక్కొక్కటీ సరిచూసి, ప్యాక్ కట్టి, ఏ సూక్ష్మజీవీ మిగలకుండా స్టెరిలైజ్ చేసి, తిరిగి ఆపరేషన్ థియేటర్లకు పంపించడం ఆ విభాగం పని. నా ఉద్యోగ జీవితం దాదాపు అంతా అక్కడే గడిచింది. వేలమంది పనిచేసే సంస్థలో, పేరు కన్నా ఉద్యోగి నంబరుతోనే ఎక్కువగా గుర్తింపు పొందుతూ, ఎవరి కోసం పని చేస్తున్నామో వారి ముఖం కూడా చూడకుండా ఇన్నేళ్లు ఎలా చేశారని కొందరు అడిగారు. నాకు మాత్రం ఆ పని మీద ప్రేమ ఒక్కరోజు కూడా తగ్గలేదు. అది ఎందుకో ఇక్కడ రాసుకోవాలనిపించింది.

చేరిన మొదటి వారం మమ్మల్ని విభాగంలోకి రానివ్వలేదు. చిన్న నర్సింగ్ హోముకూ పెద్ద సంస్థకూ ఉన్న తేడా నాకు మొదట తెలిసింది అక్కడే. వైద్య పరీక్షలు చేశారు, హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేశారు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది వేయించుకోవాలని కార్డు మీద తేదీలు రాసిచ్చారు. మూడూ పూర్తయ్యాక రక్తపరీక్షలో తగినంత రక్షణ ఏర్పడిందో లేదో కూడా చూశారు. మైకులో కోడ్ బ్లూ అని వినిపిస్తే ఎక్కడో ఒకరి గుండె ఆగిందని అర్థమనీ, అప్పుడు లిఫ్టులూ వరండాలూ ఖాళీగా వదలాలనీ చెప్పారు. చేతులు కడుక్కోవడం మీద సగం పూట తరగతి జరిగింది. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలని, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో ఎలా రుద్దాలో ఒక సిస్టర్ మా చేత మళ్లీ మళ్లీ చేయించారు. చేతులు కడుక్కోవడం కూడా నేర్పాలా అని అప్పట్లో మాలో కొందరికి అనిపించిన మాట నిజమే గానీ, ఆసుపత్రిలో దానికి మించిన పాఠం లేదని తరవాతి ఏళ్లు చెప్పాయి.

మా విభాగం మూడు భాగాలుగా ఉండేది. వాడిన పరికరాలు వచ్చి చేరే మురికి వైపు, వాటిని సరిచూసి ప్యాక్ చేసే శుభ్రమైన వైపు, స్టెరిలైజ్ అయినవి నిలవ ఉంచే స్టెరైల్ స్టోరు. మురికి వైపు గాలి ఇవతలికి రాకుండా అక్కడ పీడనం తక్కువగా, స్టెరైల్ స్టోరులో ఎక్కువగా ఉంచేవారు. పరికరం ముందుకే పోవాలి తప్ప వెనక్కి రాకూడదన్నది అక్కడి మొదటి నియమం. మనిషైనా సరే, మురికి వైపు నుంచి శుభ్రమైన వైపుకు రావాలంటే గౌను, బూట్లు మార్చుకుని, చేతులు కడుక్కుని, మరో తలుపు గుండా చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రాలైన ఆటోక్లేవ్‌లు గోడలోకి అమర్చి ఉండేవి. ఇటు తలుపులో పెట్టినది అటు తలుపులోంచి బయటికి వస్తుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవు.

నాకు పని నేర్పినాయన్ను అందరూ మాస్టారు అనేవారు. ఎక్కువగా మాట్లాడేవారు కాదు. కొత్తవాళ్లంతా ఆటోక్లేవ్ దగ్గర నిలబడాలని ఉబలాటపడితే, ఆయన మాత్రం మమ్మల్ని నెలల తరబడి సింకు దగ్గరే ఉంచేవారు. “ఆవిరి తాను తాకినదాన్నే చంపుతుంది బాబూ. ఎండిన రక్తం కింద దాక్కున్నదాన్ని అదేం తాకుతుంది? ముందు కడగడం నేర్చుకో” అనేవారు. రక్తనాళాన్ని బిగించి పట్టే ఆర్టరీ ఫోర్సెప్స్‌ను ఆయన కడిగే తీరు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంటుంది. మొదట చన్నీళ్లలో పెట్టేవారు. వేడినీళ్లు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఉక్కుకు అంటుకుపోతాయి. ఆ తరవాత ఎంజైమ్ డిటర్జెంటులో నాననిచ్చి, కీలు పూర్తిగా విప్పదీసి, తుంపరలు మొహం మీదికి ఎగరకుండా నీళ్లలోపలే ఉంచి మెత్తని బ్రష్షుతో పళ్ల సందుల వెంబడి, కీలు లోపలి అంచుల వెంబడి తోమేవారు. గొట్టాల్లాంటి పరికరాలైతే దానికి సరిపోయే సన్నని బ్రష్షు ఈ చివర నుంచి దూర్చి ఆ చివర బయటికి తీసి, బ్రష్షు తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే పని. అప్పుడు గానీ అల్ట్రాసోనిక్ యంత్రంలోకి వెళ్లేవి కావు. అక్కడ శబ్దతరంగాలు నీళ్లలో కంటికి ఆనని బుడగలు పుట్టించి, అవి చిట్లే ఊపుతో చేతికి అందని మూలల్లోని మురికిని వదలగొడతాయి.

కడిగి ఆరబెట్టిన తరవాత దీపం ఉన్న భూతద్దం కింద పరీక్ష. ఫోర్సెప్స్‌ను పిడి దగ్గరి బిగింపు పళ్లలో మొదటిదాని మీద బిగించి, ఆ పళ్లున్న భాగాన్ని గట్టి వస్తువుకు తాటించేవారు. అది టక్కున విచ్చుకుంటే పక్కన పెట్టేయాలి. ఎందుకంటే అదే పరికరం రేపు ఒక రక్తనాళం మీద బిగించి ఉన్నప్పుడు విచ్చుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కత్తెర కొన దాకా తెగుతోందా లేదా అని పలుచని రబ్బరు ముక్క మీద చూసేవాళ్లం. కోకర్, ఆలిస్, బాబ్‌కాక్, స్పెన్సర్ వెల్స్ అంటూ రోజంతా మా నోట మెదిలే పేర్లన్నీ ఒకప్పటి సర్జన్లవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వారిలో థియోడర్ కోకర్ థైరాయిడ్ గ్రంథి మీద చేసిన కృషికి 1909లో నోబెల్ బహుమతి అందుకున్నారని చదివిన రోజు, నా చేతిలోని పరికరాన్ని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఏ ట్రే అయినా ప్యాక్ కట్టే ముందు లోపల ఒక జాబితా కాగితం పెట్టేవాళ్లం. అందులో ఏ పరికరం ఎన్ని ఉండాలో అచ్చువేసి ఉంటుంది. లెక్క చూసినవారు కింద సంతకం చేయాలి. బయట అతికించే లేబులు మీద ఏ యంత్రం, ఆ రోజు ఎన్నో లోడు, ఏ తేదీ, ఎవరు ప్యాక్ చేశారు అన్నది రాయాలి. అన్ని వేలమంది ఉన్న సంస్థలో నేనంటూ ఒకణ్ని ఉన్నానని చెప్పే ఆనవాలు ఆ చిన్న సంతకమే. అందుకే దానికి నేను ఇచ్చిన విలువ ఇంకే కాగితానికీ ఇవ్వలేదు. చదవడానికి వీలుగా, తొందరలో గీకినట్టు లేకుండా రాసేవాణ్ని.

తెల్లవారుజామున ఆటోక్లేవ్ వేడెక్కగానే మొదట వేసేది ఖాళీ లోడు. అందులో బోవీ-డిక్ పరీక్ష ప్యాక్ ఒక్కటే ఉంటుంది. 1963లో వచ్చిన ఈ పరీక్షను ఇప్పటికీ రోజూ చేస్తారు. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచి తీసి విప్పితే, లోపలి కాగితం అంచు నుంచి మధ్య దాకా ఒకే రంగుకు మారి ఉండాలి. నడుమ ఎక్కడైనా పాలిపోయిన మచ్చ కనిపించిందంటే యంత్రం లోపలి గాలిని పూర్తిగా తీయలేకపోయిందని, అక్కడికి ఆవిరి చేరలేదని అర్థం. ఆ మచ్చ కనిపిస్తే ఆ యంత్రం ఆ పూటకు ఆగిపోతుంది. పైన ఎన్ని ఆపరేషన్లు వేచి ఉన్నా సరే. 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త చాంబర్లాండ్ తయారుచేసిన తొలి ఆటోక్లేవ్ నుంచి ఇప్పటి కంప్యూటర్ తెరల యంత్రాల దాకా సూత్రం ఒక్కటే. పీడనంలో ఉన్న ఆవిరి, తగినంత వేడి, తగినంత సమయం. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 134 దగ్గర కనీసం 3 నిమిషాలు. గాలి తీయడం, ఆరబెట్టడం కలుపుకుంటే ఒక లోడు బయటికి రావడానికి గంట దాకా పడుతుంది. థియేటర్ నుంచి ఫోను చేసేవారికి ఆ 3 నిమిషాలే గుర్తుంటాయి, మిగతా సమయం గుర్తుండదు. తడి ఆరకుండా బయటికి వచ్చిన ప్యాక్‌ను మేము పంపేవాళ్లం కాదు. తడి వెంట సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి గనక దాన్ని విప్పి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. దీని మీద ఫోన్లలో ఎన్ని వాదనలు జరిగాయో!

పెద్ద ఆసుపత్రిలో తోటి ఉద్యోగులు మనకు గొంతులుగానే పరిచయమవుతారు. థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్‌తో నేను ఏళ్ల తరబడి రోజూ మాట్లాడాను. ఆవిడ దగ్గితే ఆ రోజు ఆవిడకు జ్వరమో, రాత్రంతా నిద్రలేదో చెప్పగలిగేవాణ్ని. వరండాలో ఎదురైతే మాత్రం గుర్తుపట్టేవాణ్ని కాదు. ఆవిడ “బ్రదర్, ఆర్థో సెట్ ఎంతసేపట్లో?” అనేవారు. నేను నిజం చెప్పేవాణ్ని. అరగంట పట్టేదాన్ని పది నిమిషాలని చెప్పి ఫోను పెట్టేసే అలవాటు మా మాస్టారు మాకు అబ్బనివ్వలేదు. పైన మత్తు ఇచ్చిన మనిషి బల్ల మీద ఉన్నప్పుడు ఆ అబద్ధం ఖరీదు ఎవరు కడతారు? నేను చెప్పిన సమయాన్ని నమ్మి ఆవిడ సర్జన్‌కు నచ్చజెప్పేవారు. ఇద్దరు ఒకరినొకరు చూసుకోకుండానే ఇంత నమ్మకం పెంచుకోవచ్చని ఆ ఉద్యోగంలోనే తెలుసుకున్నాను.

ఆ నమ్మకానికి పరీక్ష ఒక రాత్రి వచ్చింది. ఆవిరి పనితీరును కచ్చితంగా తేల్చేది జీవ సూచిక. అంటే వేడికి అంత తేలిగ్గా చావని జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా బీజాలున్న చిన్న గాజు సీసా. దాన్ని లోడుతో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టి, తీసిన తరవాత 55 నుంచి 60 డిగ్రీల వేడిలో ఉంచుతారు. బీజాలు చచ్చి ఉంటే ద్రవం ఊదారంగులోనే ఉంటుంది, బతికి ఉంటే పసుపు పచ్చగా మారుతుంది. మా రోజుల్లో ఫలితానికి ఒకటి రెండు రోజులు పట్టేది. శరీరంలో అమర్చే ఇంప్లాంట్లున్న లోడును ఫలితం వచ్చేదాకా ఆపేవాళ్లం గానీ, మిగతా సామాను అంతసేపు ఆపితే ఆసుపత్రి నడవదు. ఆ రాత్రి నేను ఇంక్యుబేటర్ తెరిచి చూసేసరికి ఒక సీసా పసుపు పచ్చగా ఉంది. పక్కనే స్టెరిలైజ్ చేయకుండా పోలికకు పెట్టిన సీసా కూడా పచ్చగానే ఉంది, అది అలాగే ఉండాలి. కానీ లోడు సీసా కూడా అదే రంగులో ఉందంటే అర్థం ఒక్కటే.

వెంటనే మా ఇన్‌ఛార్జి మేడమ్‌కు ఫోను చేశాను. ఆవిడ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. “యంత్రం ఆపెయ్. ఆ లోడుదే కాదు, చివరిసారి సరైన ఫలితం వచ్చినప్పటి నుంచి ఆ యంత్రంలోంచి వచ్చిన ప్రతి ప్యాకూ వెనక్కి రావాలి. నేను బయల్దేరుతున్నా” అన్నారు. రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాం. థియేటర్లు, కాన్పుల వార్డు, ఎమర్జెన్సీ, ఐసీయూలు, డ్రెస్సింగ్ గదులు, ఇలా ప్యాకులు భవనమంతా వెళ్లిపోయి ఉన్నాయి. లోడు నంబర్ల జాబితా చేతపట్టుకుని అంతస్తులన్నీ తిరిగాం. మా విభాగం మొహం ఎప్పుడూ చూడని సిస్టర్లు, రాత్రి రద్దీలో ఉండి కూడా, ఎందుకు ఏమిటని వాదించకుండా అల్మారాలు తెరిచి ప్యాకులు వెతికి ఇచ్చారు. ఎమర్జెన్సీ థియేటర్‌లో ఒక ఆపరేషన్‌కు అంతా సిద్ధమై ఉంది. లేబులు మీద నంబరు చూసి సిస్టర్ ట్రే విప్పకుండా ఆపేశారు. సర్జన్ గ్లౌజులు వేసుకుని నిలబడి ఉన్నారు. కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ నంబరు మరోసారి చదివించుకుని విని, “వేరే యంత్రంలోంచి వచ్చిన సెట్ ఎంతసేపట్లో వస్తుంది?” అని మాత్రం అడిగారు. చెప్పాను. సరేనని వేచి ఉన్నారు.

మర్నాడు పెద్దవాళ్లంతా కూర్చున్న సమావేశానికి నన్నూ పిలిచారు. ఇంజనీర్లు యంత్రాన్ని విప్పి చూసి, తలుపు రబ్బరు అరిగి గాలి లోపలికి చొరబడుతోందని తేల్చారు. అప్పటికే వాడేసిన ప్యాకుల తాలూకు రోగులను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ విభాగం వారాల తరబడి గమనించింది. దాని వల్ల ఎవరికీ జబ్బు చేయలేదని తెలిశాకే మా అందరికీ కంటినిండా నిద్రపట్టింది. పెద్ద సంస్థ అంటే నాకు గౌరవం కలిగించినది ఆ వారమే. ఒక మామూలు టెక్నీషియన్ అర్ధరాత్రి ఆగండి అంటే అంత పెద్ద భవనమూ ఆగింది. ఎవరి నెత్తిన రుద్దుదామా అని ఎవరూ చూడలేదు. ఆ రబ్బరు మార్చే గడువును తగ్గించి, ఆ నియమాన్ని కాగితం మీద పెట్టారు. చిన్న చోట అయితే ఆ యంత్రం ఒక్కటే ఉండి ఉండేది, ఆ రాత్రి మా చేతుల్లో ఇంకో దారి ఉండేది కాదు.

అదే పెద్దతనానికి మరో ముఖం కూడా ఉంది, దాన్ని దాచి రాస్తే ఈ జ్ఞాపకాలు నిజం కావు. మురికి ట్రాలీలు తోసుకొచ్చే కుర్రాళ్లు మా సంస్థ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద వచ్చినవారు. మాతో పాటు అదే ఉక్కలో, అదే రక్తపు తుంపరల మధ్య పనిచేసేవారు. కానీ మాకు మొదటి వారంలోనే వేసిన హెపటైటిస్ టీకా వారికి చాలాకాలం వేయలేదు. అది కాంట్రాక్టరు బాధ్యతని ఆసుపత్రి, ఆసుపత్రి చూసుకోవాలని కాంట్రాక్టరు, ఇలా ఉత్తరాలు నడిచాయి. సూదికి ఎవరి జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు కదా! మా మేడమ్ పట్టు వదలకుండా రాసిన ఉత్తరాల మీద ఉత్తరాల వల్ల చివరికి అందరికీ టీకా అందింది. అది అంత ఆలస్యం కావడం అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. వేలమంది ఉన్నచోట ఒక పని ఎవరిదని తేలకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

ఒకసారి మా సహోద్యోగి ఒకామె ట్రే విప్పుతుండగా, హ్యాండిల్ నుంచి తీయకుండా వదిలేసిన బ్లేడు గ్లౌజును చీల్చి వేలిలో దిగింది. ఆమె మాకు నేర్పినట్టే చేసింది. గాయాన్ని పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే రిపోర్టు చేసింది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు గనక గంటలోపే మొదటి మాత్ర వేశారు. ఆ తరవాతి నెలల్లో రక్తపరీక్ష ఫలితాల కోసం ఆమె పడిన ఎదురుచూపు మేమంతా చూశాం. కడకు అన్నీ మంచిగానే వచ్చాయి. ఆమె కోలుకున్నాక మా మేడమ్ థియేటర్ సిబ్బందిని తిట్టలేదు, బృందాలుగా మా మురికి గదికి పిలిపించి అరగంట సేపు నిలబెట్టి పని చూపించారు. ఆ తరవాత బ్లేడుతో వచ్చే ట్రేలు అరుదైపోయాయి. అవతలి గది పని కళ్లతో చూడడం కన్నా మంచి శిక్షణ ఏ పెద్ద ఆసుపత్రికీ లేదని నా నమ్మకం.

వేడికి తట్టుకోని సామాను కోసం ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడేవాళ్లం. దాని వాసన మనకు తెలిసేసరికే గాలిలో దాని మోతాదు ప్రమాద హద్దును ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే మెడ దగ్గర ఆ మోతాదును కొలిచే బ్యాడ్జీలు పెట్టుకునేవాళ్లం, గదిలో అలారం ఉండేది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చిందని మాకు చెప్పారు. ఆ గదిలో డ్యూటీ పడిన రోజు ఇంట్లో చెప్పేవాణ్ని కాదు. తరవాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా యంత్రం వచ్చి ఆ వాయువు వాడకం బాగా తగ్గింది. అయితే కాగితం, గుడ్డ ఆ పెరాక్సైడ్ ఆవిరిని పీల్చేసుకుంటాయి గనక దానికి వేరే రకం కవర్లలో ప్యాకింగ్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాం.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల భద్రత కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో అధ్యయనం వెలువడింది. మా ఆసుపత్రిలోనూ అది మొదలైనప్పుడు, అందులో కోత పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో, ఇండికేటర్ ఫలితాలతో సహా స్టెరిలిటీ నిర్ధారణ అయిందా అన్న ప్రశ్న ఒకటి ఉందని థియేటర్ సిస్టర్ ఫోనులో నాకు చదివి వినిపించారు. “మీరూ ఒకసారి వచ్చి చూడండి బ్రదర్” అన్నారు. అనుమతి తీసుకుని వెళ్లాను. ఆవిడను మొదటిసారి ఎదురుగా చూసింది అప్పుడే, అదీ మాస్కు పైన కళ్లు మాత్రమే.

గోడకు ఆనుకుని నిలబడి చూస్తుంటే, ముందురోజు రాత్రి నేను కట్టిన ట్రేను నా ఎదుటే విప్పారు. మడతలు ఒక్కొక్కటిగా అవతలికి విచ్చుకున్నాయి. సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ సిస్టర్, ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే లోపలి ఇండికేటర్ పట్టీని పైకెత్తి చూపించారు. అది నిండుగా నల్లబడి ఉంది. గదిలో అందరూ చేస్తున్న పని ఆపి ఉన్నారు. రోగి పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని చదివిన తరవాత స్టెరిలిటీ అన్న ప్రశ్న వచ్చింది. “ఇండికేటర్ సరిగ్గా ఉంది” అని స్క్రబ్ సిస్టర్ గట్టిగా చెప్పారు. సర్జన్ తలూపారు. బల్ల మీద ఉన్నవారి మొహం నాకు కనిపించలేదు, కనిపించాల్సిన అవసరమూ లేదు. అన్నేళ్లుగా నేను చేస్తున్న పనికి ఆ గదిలో అందరూ ఆగి జవాబు వినే ఒక చోటు ఉందని తెలిసింది. నాకు దుఃఖమో సంతోషమో చెప్పలేనంతగా గొంతు పూడుకుపోయింది.

2020లో కోవిడ్ వచ్చి అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ వాయిదా పడి, పరికరాల ట్రాలీలు సగానికి తగ్గాయి. మాకు మాత్రం పని తగ్గలేదు. వెంటిలేటర్ సర్క్యూట్లు, మళ్లీ వాడే కళ్లద్దాలు, కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుద్ధి చేసిన ఎన్-95 మాస్కులు, ఇలా అంతవరకూ చేయని పనులన్నీ చేశాం. ఒక్కో మాస్కు మీద దాని యజమాని పేరు రాసి ఉండేది. ఏ పరికరం మీదా పేరు లేకుండా అన్నేళ్లు పనిచేసిన మాకు, పై అంతస్తుల్లోని సిస్టర్ల పేర్లు, డాక్టర్ల పేర్లు అలా చేతుల మీదుగా పోయాయి. కొన్ని పేర్లు కొన్నాళ్లు రాకపోతే వారికి జబ్బు చేసిందని అర్థమయ్యేది. మళ్లీ ఆ పేరు కనిపించిన రోజు ఆ షిఫ్టులో ఉన్నవాళ్లం పక్కవాళ్లకు చూపించుకునేవాళ్లం. రాని పేర్లూ ఉన్నాయి.

నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి కాగితపు రిజిస్టర్లు పోయి బార్‌కోడ్‌లు వచ్చాయి. ఏ ట్రే ఏ రోగికి వాడారో తెర మీద క్షణంలో కనిపిస్తోంది. ఆ రాత్రి మేము అంతస్తులన్నీ తిరిగి చేసిన పని ఇప్పుడు కూర్చున్న చోటి నుంచే చాలావరకు అవుతుంది. మంచిదే. చేతి సంతకం పోయిందని నాకు బాధ లేదు. స్కాన్ చేసినవారి పేరు ఆ తెర మీద ఉంటుంది, నాకు కావాల్సింది అదే.

అప్పట్లో టీకా కోసం ఎదురుచూసిన ట్రాలీ కుర్రాళ్లలో ఒకతను డ్యూటీ చేస్తూనే టెక్నీషియన్ కోర్సు చదివి, పర్మినెంటు అయి, ఇప్పుడు రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్నాడు. ఈ మధ్య ఫోను చేసినప్పుడు రోబోటిక్ సర్జరీ పరికరాల గురించి చాలాసేపు చెప్పాడు. వేలి కన్నా సన్నని గొట్టం లోపల తీగలు, కప్పీలు ఉంటాయట. లోపలికి నీళ్లు ఎక్కించి ఎంతసేపు కడగాలో కంపెనీ నిమిషాలతో సహా రాసిస్తుందట. ఒక్కోదాన్ని ఇన్నిసార్లే వాడాలన్న లెక్క యంత్రమే చూసుకుంటుందట. థియేటర్ వాళ్లు తొందరపెడుతున్నారని, తను మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించడం లేదని అన్నాడు. “సమయం ఎంతని చెబుతున్నావు వాళ్లకి?” అని అడిగాను. “ఉన్నదే చెబుతున్నా అన్నా” అన్నాడు.